పదకొండు మాటలు, అరవై ఆరు మెట్లు

‘అంతకుముందు’ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో నలభై ఏడు మాటలున్నాయి. ఆ నలభై ఏడూ కూడబలుక్కుని ఒక ఆడమనిషి రెండు మోకాళ్లనూ అరగదీశాయి. ఇది అక్షరాలా నిజం. సరే, నలభై ఏడంటే కాస్త ఎక్కువైందేమో, పదకొండు అనుకోండి. మోకాలు కూడా కుడిదొక్కటే. మిగతాదంతా నిజం.

ఆమె నీళ్ల సరఫరా ఆఫీసులో టైపిస్టు. ఇరవై ఎనిమిదేళ్లుగా అందరికీ టైపక్క. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా పేరు మాత్రం పోలేదు. సీటు మూడో అంతస్తులో. లిఫ్టుకు తాళం వేసి, దాని ముందు విరిగిన కుర్చీలు పేర్చి రెండేళ్లయింది. పైకి అరవై ఆరు మెట్లు. పద్దెనిమిదో మెట్టు దగ్గర చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగేది. ముప్పై తొమ్మిదో మెట్టు దగ్గర నోటీసు బోర్డు చదివేది. ఆ నోటీసు అతికించి ఏడాది దాటింది. ఆమెకది కంఠతా వచ్చేసింది.

ఆమె పై అధికారి సూపరింటెండెంటు. చాటున అందరూ పిలిచే పేరు కత్తెర. చిన్నప్పుడు ఏ మాస్టారు చెవి మెలిపెట్టాడో గానీ, ఒకే పేజీలో ఒక మాట రెండోసారి కనబడితే ఆయనకు పంటికింద రాయి పడ్డట్టుండేది. ఎర్ర పెన్సిలుతో గీసి కాగితం తిప్పి పంపేవాడు. నీళ్లాఫీసు ఉత్తరాల్లో ఏముంటుంది? అంతకుముందు వచ్చిన ఫిర్యాదు, అంతకుముందు చేసిన మరమ్మతు, అంతకుముందు ఇచ్చిన జవాబు. అందుకని టైపక్క బల్లమీది అద్దం కింద పదకొండు ఇంగ్లీషు మాటలు వరసగా రాసిపెట్టుకుంది. వాటి గుణాలు ఆమెకు సొంత చుట్టాల గుణాల్లా తెలుసు. ప్రీవియస్ ఎక్కడ కూర్చోమన్నా కూర్చుంటుంది. ఎర్లియర్ ఇంకా నెమ్మది. ప్రయర్‌కు పర్మిషన్ పక్కన తప్ప కాలు నిలవదు. ఫార్మర్ పదవి పోయినవాళ్ల వెంటే తిరుగుతుంది. ఎర్స్ట్‌వైల్ అయితే పాతకాలం కోటు వేసుకుని పెళ్లికొచ్చిన బాబాయి. పిలవకపోతే అలుగుతాడు, పిలిస్తే అందరూ నవ్వుతారు.

మోకాలు మొరాయించాక డాక్టరు మెట్లు మానెయ్యమన్నాడు. కింద, వచ్చిన ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కించే ఇన్‌వర్డు సెక్షన్లో ఒక సీటు ఖాళీగా ఉంది. అక్కడికి మార్చమని హెడ్డాఫీసుకు అర్జీ పెట్టుకుంది. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. గుర్తుచేస్తూ రెండో కాగితం రాసింది. ఏ కాగితమైనా కత్తెర సంతకంతోనే పోవాలి గనక, కన్ను అద్దం కిందికి పోకుండానే చెయ్యి మాటలు మార్చేసింది. నా ప్రీవియస్ అర్జీకి జవాబు రాలేదు. ఎర్లియర్ విన్నపంలో నా బాధ వివరించాను. ప్రిసీడింగ్ ఉత్తరంతో డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. నిజానికి ఆ మూడూ ఒక్క కాగితమే.

కత్తెర చదివి, “భేష్! ఇదమ్మా ఇంగ్లీషంటే,” అని సంతకం పెట్టాడు.

ఈసారి వారంలోనే జవాబొచ్చింది. మీరు పేర్కొన్న మూడు పత్రాల్లో అర్జీ ఒక్కటే మా దగ్గరుంది, మిగతా రెండింటి నకళ్లు పంపితే పరిశీలిస్తాం, అని.

ఆ సాయంత్రం ఆమె మోకాలికి వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుంటే, దర్జీ పని చేసే భర్త ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“లేని ఉత్తరాలకు నకళ్లెక్కణ్ణుంచి తెస్తావే?”

“మూడూ ఒకటేనని రాస్తా.”

“ఆ ఏడుపేదో మొదటే ఏడవొచ్చుగా?”

“ఒకే చొక్కాకి మూడు రంగుల బొత్తాలు కుట్టమని మీ ఓనరు రోజూ ప్రాణం తీస్తే తెలిసేది మీకు.”

“కుట్టేవాణ్ణి. వేసుకునేవాడి ఖర్మ.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

మర్నాడు మూడూ ప్రీవియస్ అర్జీయేనని రాసింది. ఆ ముక్క చెప్పడానికి ప్రీవియస్ రెండుసార్లు పడింది. కత్తెర రెండోదాన్ని కొట్టేసి, స్వహస్తాలతో ఫోర్‌గోయింగ్ అని దిద్దాడు. పది రోజులకు జవాబు పట్టుకుని అటెండరు వచ్చాడు. అప్పటికే విప్పి చదివేసినట్టున్నాడు.

“టైపక్కా, నీ అర్జీ పిల్లల్ని పెడుతోంది! ఇప్పుడు నాలుగోది కూడా కనబడట్లేదట.”

టైపక్క కాగితం అందుకుని కంప్యూటరు ముందుకు జరిగింది. ఆరు వాక్యాల కాగితమొకటి టైపు చేసింది. ఆరింట్లోనూ ప్రీవియస్సే. తీసుకెళ్లి కత్తెర బల్లమీద పెట్టింది.

“ఇదేంటమ్మా, ఒకే మాట ఆరుసార్లు?”

“అర్జీ ఒకటే కదండీ.”

“ఇలాంటిది నా సంతకంతో బయటికి పోతే హెడ్డాఫీసులో నవ్వరూ?”

“ఇప్పుడు వెతుకుతున్నారు సార్. నవ్వినా నయమే.”

ఆయన ఎర్ర పెన్సిలు తీశాడు. ఆమె ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, కూర్చోమనకుండానే, ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. ధిక్కారం కాదు. కాలు ఇక నిలవనంది.

“గీయండి సార్. మళ్లీ టైపు చేసుకొస్తా. వాళ్లు అయిదోది వెతుకుతారు. నేను ఎక్కుతూ ఉంటా. రిటైరవడానికి ఇంకా ఆరేళ్లుందిగా.”

పెన్సిలు మొదటి ప్రీవియస్‌ను దాటి రెండోదాని మీద ఆగింది. తర్వాత మూడోదాని మీద. ఆరోదాని దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం ఆముదం తాగినట్టయింది. పెన్సిలు పక్కన పెట్టి, ఆ మాటలు కనబడకుండా కళ్లజోడు తీసేసి, తడుముకుంటూ సంతకం గీకాడు.

తొమ్మిది రోజుల్లో ఆర్డరొచ్చింది. కింది గదికి కిటికీ లేదు. నీళ్లాఫీసే గనక గోడల్లో చెమ్మకు కొదవలేదు. మొదటిరోజు ఆమె సంచీ బల్లమీద పెట్టి, మధ్యాహ్నం దాకా ఏ పనీ ముట్టకుండా ఊరికే కూర్చుంది. ఎవరూ అడగలేదు.

ఇదంతా నేను రాసి, పత్రికకు పంపేముందు ఆమెకు చదివి వినిపిస్తే, రిజిస్టరులోంచి తలెత్తకుండానే జవాబు చెప్పింది.

“ఒక్క ముక్క నిజం లేదు. మా సార్ బంగారంలాంటి మనిషి, పెన్సిలే పట్టరు. లిఫ్టు రోజూ తిరుగుతుంది. నాకు మోకాలి నొప్పని ఎవరన్నారు? ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నేను ఈ కుర్చీలోనే ఉన్నా. అసలు ఈ బిల్డింగుకి మూడో అంతస్తే లేదు.”