తెరచాప మీద మూడు గీతలు

ఈ రోజు తప్పు నాదే. తప్పు చేసింది చాలక, దాన్ని చూపించిన మనిషి మీదే గొంతు పెంచాను.

ఆమెది పులికాట్ ఒడ్డున ఒక పల్లె. అత్తతో, తోడికోడలితో కలిసి ఎండురొయ్యల పచ్చడి పెడుతుంది. ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నారు. లేబుల్ అంటించిన సీసాలైతే రేపు ఉదయం తన కొట్లో పెట్టుకుంటానని నాయుడుపేటలో ఒకాయన ఒప్పుకున్నాడు. ఆ లేబుల్ మీది లోగో కోసం తిరుపతిలో నా దగ్గరికి వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు బాగానే విన్నాను. రొయ్య బొమ్మ వద్దంది.

"రొయ్య అందురూ ఏస్తారన్నా. మాకు పడవ గియ్యి. సూస్తానే మా ఊరిదని తెలియాల."

పెన్సిల్‌తో చాలా పడవలు గీశాను. ఒకటి అరటిపండులా ఉందని నవ్వింది. తీసేస్తూ, తీసేస్తూ పోతే చివరికి ఒక వంపు, దాని మీద తెరచాప, కింద ఒక నీటిగీత మిగిలాయి. "ఇదే" అంది. అక్కడితో ఆగాల్సింది.

కంప్యూటర్‌లోకి ఎక్కించాక తెరచాప బోసిగా కనిపించింది. ఈ ఊళ్లో హోటళ్లకూ ట్రావెల్స్‌కూ బట్టల కొట్లకూ గుర్తులు గీసీ గీసీ అరిగిన చెయ్యి నాది. ఖాళీ కనిపిస్తే నామం పెట్టేస్తుంది. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఆమెకు మళ్లీ చూపించాలంటే ఒళ్లు బరువనిపించింది. మూడు నిలువు గీతలు పెట్టి నేరుగా ప్రెస్సుకు పంపేశాను.

ఈ రోజు పొద్దున ఆమె వచ్చి లేబుళ్ల కట్ట విప్పి చూసింది.

"రొయ్యల సీసా మీద సామి నామమా అన్నా?"

"తిరుపతిలో అందరూ పెట్టుకుంటారమ్మా."

"పెట్టుకోనీ. తినేసినాక ఆ సీసా యాడ పారేస్తారు? కాలవలోనే గదా. మా అత్త సూసిందంటే ఒక్క సీసా గడప దాటనీదు."

"లోగో ఎట్లా గీయాలో నాకు నేర్పిస్తావా? కావాలంటే తీసుకో, లేకుంటే పో."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "సరేలే అన్నా. ఇంకొన్నాళ్లు మొగం లేని సీసాలే అమ్ముకుంటాం" అని వెళ్లిపోయింది.

కోపంగా లేబుళ్లన్నీ చెత్తబుట్టలో వేయబోయాను. చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో పాత దేవుడి క్యాలెండర్లు పారేయలేక అటక మీద కట్టలు కట్టి ఉంచుతాం. నా చెయ్యే పారేయలేని కాగితాన్ని ఊరి కాలవల్లోకి పంపమని ఆమె చేతికిచ్చాను. కట్టను బీరువా మీద పెట్టి బస్టాండుకు వెళ్లాను.

ఆమె నాయుడుపేట బస్సు ఎక్కబోతోంది.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. నాదే తప్పు. నోరు కూడా జారినాను. సాయంత్రానికి కొత్తవి నేనే తెస్తా."

"అందురూ అట్లనే అంటారన్నా" అంటూ ఎక్కేసింది.

వెనక్కి వచ్చి మూడు గీతలూ తీసేశాను. ఖాళీ తెరచాపను ఆమె ఫోన్‌కు పంపి, ఈసారి జవాబు వచ్చేదాకా కూర్చున్నాను. "ఆ, ఇదే" అన్న ఆమె గొంతు వినిపించాకే ప్రెస్సుకు వెళ్లాను.

"ఏందప్పా, నీ పడవ అప్పుడే మునిగిందా?" అన్నాడు ప్రెస్సాయన.

"ముంచింది నేనే. తొందరగా వేసియ్యప్పా."

బస్సు దిగి ఆ పల్లె చేరేసరికి పొద్దు గుంకుతోంది. వరండాలో సీసాలు తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. నేనూ కూర్చుని అంటించడం మొదలుపెట్టాను. అత్త ఒక సీసా ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

"పడవ బాగుండాది. వంకరగా అంటించినావు నాయనా."

దాన్ని మెల్లగా ఊడదీసి, మళ్లీ సరిగ్గా అంటించాను.