పెళ్లికి వచ్చిన పారశీక సైన్యం

మొన్న దసరాకి అటక మీది మామిడిపళ్ల చెక్కపెట్టె దింపించి, గడ్డి తీసి చూద్దును గదా, మావారి పారశీక సైన్యం ఎప్పటిలాగే గడ్డాలు దువ్వుకుని సిద్ధంగా ఉంది. ఆయన పోయి ఏడాది తిరిగింది కాబట్టి ఇక బొమ్మల కొలువు పెట్టుకోవచ్చని పురోహితుడుగారు చెప్పారు గానీ, ఆ పెట్టె విప్పడానికి నాకు చేతులు రాలేదు. విప్పాక ఇంకేముంది, కూర్చుని ఏడ్చాను. తరవాత ముక్కు తుడుచుకుని, బతికుంటే ఈయన నన్ను వీటిని ముట్టుకోనిచ్చేవారా అని తిట్టుకుంటూ, ఒక్కొక్క బొమ్మనూ మెత్తటి గుడ్డతో తుడిచాను.

నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది, మన రోజుల్లో తిరువూరులో మగవాళ్లకు సరదా అంటే పేకాట, లేదంటే సెకండ్ షో సినిమా. మావారికి ఆ రెండూ పడవు. పెనుగొలనులో సోషల్ మాస్టారుగా పనిచేస్తూ, సాయంత్రం బస్సు దిగి కాఫీ తాగీ తాగకముందే కిటికీ దగ్గర పీట వేసుకుని, వేలి కణుపంత సీసపు సైనికులకు రంగులు వేస్తూ కూర్చునేవారు. ఓడలో ఉద్యోగం చేసే ఆయన మేనత్త కొడుకు సెలవుకు వచ్చినప్పుడల్లా ఒక పొట్లం తెచ్చిచ్చేవాడు. పై దేశాల్లో పెద్దవాళ్లే వీటిని బల్ల మీద మోహరించి, పాచికలు వేసి యుద్ధం ఆడుకుంటారట. మా ఊళ్లో ఈయనతో ఆడేదెవరు? కనీసం నలుగురి ముందూ ఒక్కసారి బారులు తీర్చి చూపించాలని ఆయన కోరిక, అన్నం సహించనంత కోరిక.

అడ్డల్లా మా అత్తగారే. యుద్ధం బొమ్మలు నిలబెడితే ఇంటిల్లిపాదీ జుట్లు పట్టుకుంటారని ఆవిడ నమ్మకం. అందుకని రంగు ఆరగానే ఆ వీరులంతా రెడ్డిగూడెం మామిడిపళ్లు వచ్చిన పెట్టెలోకి, పళ్లలాగే గడ్డిలోకి వెళ్లిపోయేవారు.

ఒక దసరాకి అటక కారి, కొలువులో పెట్టే పెళ్లివారి మట్టిబొమ్మలన్నీ నాని ముద్దయిపోయాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ సన్నాయివాళ్లూ మిగిలారంతే. పెళ్లివారు లేని పెళ్లేమిటని అత్తగారు నీరసపడి కూర్చుంటే, నేను ధైర్యం చేసి ఒక సైనికుణ్ణి తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆ పాదాల దాకా అంగరఖా, అంచున పువ్వులు, చెవులకు పోగులు, నొక్కులు తేలిన గడ్డం అన్నీ తిప్పి తిప్పి చూశారు.

"ఇంత మంచి బట్టలు కట్టుకుని యుద్ధానికి ఎవరెళతార్రా? వీళ్లు పెళ్లివారు. నీకు తెలీదు, ఊరుకో" అని కొడుక్కి తేల్చి చెప్పేశారు.

పారశీకులు యుద్ధానికి అలాగే వెళ్లేవారని ఆయన మొత్తుకుంటే ఆవిడ వింటేనా! డాళ్లవాళ్లు ముందు, విలుకాళ్లు వెనక అంటారాయన. గడ్డాల పెద్దవాళ్లు ముందు, కుర్రవాళ్లు వెనక అంటారావిడ. ఆఖరికి వరసలు ఆయనవీ, పెళ్లి ఆవిడదీ అయింది. పేరంటాళ్లు వంగి వంగి చూసి, ఎవరండీ వీళ్లు, భలే ఉన్నారే అంటే, "మగపెళ్లివారమ్మా, చాలా దూరం నుంచి వచ్చారు" అనేవారు అత్తగారు. వసారాలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ మావారు పొంగిపోవడం నాకు తెలుసు.

దశమి నాడు హారతి ఇచ్చాక కొలువు ముగిసిందనడానికి గుర్తుగా ఒక బొమ్మను పడుకోబెట్టడం మీకు తెలిసిందే. అత్తగారు పోయి పోయి, మావారు వేసవి సెలవులంతా కూర్చుని రంగులేసిన సేనాపతినే పడుకోబెట్టారు. వాళ్ల ఆటలో బొమ్మ పడుకుందంటే చచ్చిపోయినట్టే లెక్కట. అయ్యయ్యో, చచ్చిపోయినట్టమ్మా అని ఆయన గగ్గోలు పెడితే, "చావేంట్రా, అప్రాచ్యపు మాటలూ నువ్వూనూ! నిలబడి నిలబడి కాళ్లు లాగుతుంటాయి. పైయేడు మళ్లీ లేస్తాడులే" అన్నారావిడ. అత్తగారు పోయాక ఆ పని ఏటా ఆయనే చేసేవారు, సేనాపతికి తలకింద దూదిపింజ కూడా పెట్టి.

ఇప్పుడు పేరంటానికి వచ్చేవాళ్లు ముందు ఫోటో తీసుకుంటున్నారు, బొమ్మ చూడటం తరవాత. ఈసారి పక్కింటి కొత్త కోడలు ఫోన్లో ఏదో వెతికి, "ఇది పర్షియన్ ఆర్మీ కదాండీ?" అంది. ఆ ఒక్క మాట అనేవాళ్ల కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశారో! అవునమ్మా అనబోయి, నోటికి అలవాటైపోయి, మగపెళ్లివారమ్మా అన్నాను.

ఆ సైన్యంలో చావులేని దండు అని ఒకటుండేదట. ఒకడు పడిపోతే వెంటనే ఆ చోట ఇంకొకణ్ణి నిలబెట్టేవారట, లెక్క తగ్గనిచ్చేవారు కాదట. ఈ కథ ఆయన చెబుతుంటే కూర తరుక్కుంటూ ఊ కొట్టేదాన్ని. దశమి నాడు సేనాపతిని నేనే పడుకోబెట్టాను, దూదిపింజ మరిచిపోలేదు. పైయేడు లేపుతాను. కిటికీ దగ్గర పీట మాత్రం అలాగే ఖాళీగా ఉంది.