మంత్రిగారి కుర్చీ మీది తువ్వాల

ప్రభుత్వంలో జీపు డ్రైవరుగా ఉన్న మా ఆయన డ్యూటీలో పోయారు. మరుసటి ఏడాది ఉగాది ముందు నాకు అటెండరు ఉద్యోగం ఇచ్చి, అశోక్‌నగర్‌లో మంత్రిగారి క్యాంపు ఆఫీసుకు వేశారు. క్యాంపు ఆఫీసంటే మంత్రి ఇంట్లోనే నడిచే ఆఫీసు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. రెండేళ్లు ప్రొబేషన్. ఆ లోపల ఒక్క మెమో పడినా ఉద్యోగం ఖాయం కాదని దఫేదారు యాదగిరి మొదటి రోజే చెప్పాడు. దఫేదారంటే అటెండర్లకు పెద్ద.

నా మొదటి పని కుర్చీ. మంత్రి కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాల ఉండాలి. పొద్దున ఏడింటికి పాతది తీసి ఉతికినది వేయాలి, రెండు కొసలూ సమంగా దిగాలి. మంత్రి కార్యదర్శి అయిన పి.ఎస్.గారికీ తువ్వాల ఉంటుంది గాని రంగుది. ఆ కిందివాళ్లకు ఉత్త కుర్చీ. వచ్చేవాళ్లు బోర్డు చదవరు, తువ్వాల చూస్తారు.

రెండో ఏడు ఎండాకాలంలో గొడవ మొదలైంది. మన ఆస్పత్రులకు యంత్రాలు అమ్మిన విదేశీ కంపెనీ యజమాని, మా మంత్రికి దళారి చేత లంచం పంపానని తమ దేశం కోర్టులో ఒప్పుకున్నాడు. మంత్రిగారు రాజీనామా చేయనన్నారు. అండగా ఉన్నామని చెప్పడానికి నియోజకవర్గం వాళ్లు రోజూ శాలువాలు, బొకేలు పట్టుకొచ్చి హాలు నింపేవారు. గేటు బయట టీవీ వాళ్లు.

ఒకరోజు పొద్దున మంత్రిగారు ఫోన్ చూస్తూ కాఫీ ఒలకబోసుకున్నారు. సగం చొక్కా మీద, సగం తువ్వాల మీద. చొక్కా మార్చుకుని ముఖ్యమంత్రిని కలవడానికి వెళ్లారు. తువ్వాలకు మారు లేదు. మిగతావన్నీ నారాయణగూడ లాండ్రీలో ఉన్నాయి, లాండ్రీకి తాళం. ఇస్త్రీ అతను పెళ్లికి పాలమూరు పోయాడు. నేను తువ్వాల తీసి, చుట్టి చంకలో పెట్టుకుని వస్తుంటే ఒక మండల నాయకుడు గదిలోకి తొంగిచూశాడు.

“ఏందక్కా, తువ్వాల తీసినవ్?”

“తియ్యాలె గద అన్నా.”

“ఎవలు తియ్యమన్నరు?”

“ఒకలు జెప్పాల్నా? ఇంక గది ఆడ ఉంచితే మర్యాదనా?”

“అప్పుడే అయిపాయెనా!” అంటూ అతడు వెళ్లిపోయాడు. మరక అతనికి కనబడలేదు, ఉత్త కుర్చీ కనబడింది.

ఉతికి ఆరేసి వచ్చేసరికి హాల్లో కుర్చీలే ఉన్నాయి. శాలువాలు, బొకేలు కూడా లేవు.

“గాంధీనగర్ పోయినయి. అయ్యేటి మంత్రి ఆడుంటడంట” అన్నాడు యాదగిరి.

మంత్రి రాజీనామా చేసినట్టు తెలిసిందంటూ టీవీల్లో ఖాళీ హాలు చూపించారు. సరిగ్గా అప్పుడే మంత్రిగారు, జనం తన వెంటే ఉన్నారని ముఖ్యమంత్రికి చెబుతున్నారట.

మధ్యాహ్నానికి నాకు మెమో వచ్చింది: తువ్వాల ఎందుకు తీశానో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. పి.ఎస్.గారు పిలిచి, గాంధీనగర్ వాళ్లు తీయమంటే తీశానని రాసిస్తే నన్ను వదిలేస్తామన్నారు.

“కాఫీ వడ్డది సార్.”

“కాఫీ అంటే నవ్వుతరమ్మా.”

“నవ్వనియ్యుండ్రి సార్. నాకు వాళ్ల ఇల్లు గూడ ఎర్కలేదు.”

మూడో రోజు మంత్రిగారు నిజంగానే రాజీనామా చేశారు. మంత్రి పోతే ఆయన సిబ్బంది కూడా చెదిరిపోతారు, పి.ఎస్.గారు తన పాత శాఖకు వెళ్లారు. అడిగినాయనే లేడు, మెమో చింపెయ్యమన్నాడు యాదగిరి. నేను చింపలేదు. మెమో నంబరు సచివాలయం రిజిస్టరులో ఎక్కింది, రిజిస్టరు ఎక్కడికీ పోలేదు. కాఫీ పడింది, లాండ్రీకి తాళం ఉంది అని అతని చేతనే రాయించి సంతకం పెట్టాను. చిక్కడపల్లిలో జిరాక్స్ తీయించి సచివాలయంలో ఇచ్చాను.

గుమాస్తా చదివి నవ్వాడు. “ఇది ఎవరికి పెట్టాలమ్మా?”

“మెమో యాడుంటే ఆడ పెట్టు బిడ్డా.”

జిరాక్సు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

గాంధీనగర్ ఆయనే మంత్రి అయ్యారు. నా ప్రొబేషన్ ఫైలు వచ్చినప్పుడు కొత్త పి.ఎస్. మెమో చూసి, కింద ఉన్న నా సంజాయిషీ చదివారు. ఇంకేమీ అడగలేదు. ఉద్యోగం ఖాయమైంది.

అడిగినవాళ్లు పోయినా అడిగిన కాగితం ఉంటుంది. పక్కన మన జవాబు లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. నా తర్వాత చేరిన ఆడవాళ్లకు, జవాబిచ్చి ముద్ర వేయించుకోవడం ముందు నేర్పాను. తువ్వాల వేయడం ఆ తర్వాత.