జ్ఞానయ్య సార్ విప్పని ముడి లేదు

జ్ఞానయ్య సార్ కంట ముడి పడకూడదు. పడిందా, దాని పని అయిపోయినట్టే. గేటుకు కట్టింది, మేకకు కట్టింది, బియ్యం సంచి మూతికి కట్టింది, ఆయనకు అన్నీ ఒకటే. మనతో మాట్లాడుతూనే వేళ్లతో చకచకా విప్పేస్తాడు. విప్పినదాన్ని చుట్ట చుట్టి ప్యాంటు జేబులో వేసుకుంటాడు. "వస్త తమ్మీ" అని కుంటుకుంటూ వెళ్లిపోతాడు.

ఇలాంటి మనిషి గోదావరిఖనిలో కాపురముండటం మామూలు ప్రమాదం కాదు. మా క్వార్టర్లు గోడల మీద కంటే వైరు మీదే ఎక్కువ నిలబడి ఉంటాయి మరి! గనిలో బొగ్గు పేల్చాక మిగిలిపోయే ఎర్ర వైరు, పసుపుపచ్చ వైరు ముక్కలు ఇంటింటికీ చేరతాయి. బట్టలు ఆరేసేది వాటిమీదే. తడకలు బిగించేదీ, కుర్చీ కాళ్లు అతికించేదీ వాటితోనే. మా వెనక లైనులో ఒకాయన కళ్లద్దాలు కూడా ఆ వైరు దయతోనే చెవులకు వేలాడుతుండేవి. సార్ ఎదురైతే ఆయన కళ్లద్దాలు తీసి లోపలి జేబులో పెట్టుకునేవాడు.

సార్ బడిలో జీవశాస్త్రం చెప్పేవాడు. నేను గనిలో పంపు నడిపేవాడిని. మా రెండు ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. అందువల్ల ఆయన వేళ్లకు మొదట బలయ్యేది నా గేటే. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నా బెండమొక్కల్లో పందులు హాయిగా విందు చేసుకుంటున్నాయి. గేటుకు వైరు లేదు.

"సార్, నా గేటు వైరు మీరే ఇప్పిన్రా?"

"ఇప్పిన. ఎంత బిగ్గ కట్టినవ్ తిరుమలా! ముడి అన్నంక ఏలు దూరాలె."

"గేటుకు ఏలు దూరుడేంది సార్? పందులు దూరినయి! బెండకాయలన్నీ ఖతం!"

"అవి గంత ఇష్టంగ తిన్నయంటే కాపు మంచిదే. వచ్చేసారి నాక్కూడ నాలుగు పెట్టు."

ఇక మీరు ఆయనతో ఏం పోట్లాడతారు?

నాకంటే ఎదురింటి లస్మవ్వ బాధ ఎక్కువ. ఆమెకు నాలుగు మేకలున్నాయి. వాటిలో నల్లమేక మహా తుంటరి. సార్ దాన్ని విప్పినప్పుడల్లా అది ఊరేగేది. ఒకసారి సార్ వెళ్లే చర్చిలోకే దూరి, సగం పాటల పుస్తకం నమిలి వచ్చింది. ఆ వారం అందరూ పాటలన్నీ సగం వరకే పాడారు.

"ఓ పంతులూ! నీ చేతులకు ఇంకేం పని లేదా?" లస్మవ్వ అరుపు లైనంతా వినబడేది. "నా వైరు మంచిర్యాల కొంచవోయి పాత సామాన్లోనికి అమ్ముకుంటున్నవా?"

"వదులుగ కట్టవ్వా. ఏలు దూరాలె."

"నీ ఏలు ఇరగ!"

వానాకాలం వస్తే సార్‌కు ఇంకో హుషారు పుట్టుకొచ్చేది. ఆదివారం పొద్దున్నే సదయ్య మటన్ దుకాణం ముందు నిలబడి, వేలాడే తొడను వేలితో చూపిస్తూ పాఠం మొదలుపెట్టేవాడు.

"ఇగో, ఈ పోగులు చూడుండ్రి! మన పిక్కల కండ గూడ గింతే. రక్తపింజరి కరిసిందనుకో, గా విషం పోగు మీది పొరకు చిల్లులు పెడ్తది. పోగు ఉబ్బుతది, పగుల్తది. లోపలి ఎర్ర సరుకంతా నెత్తురుల కలిసి కిడ్నీలకు పోయి అడ్డంబడ్తది. ఒంటికి పోస్తే బ్లాక్ టీ!"

"సార్, జెర బేరం చేసుకోనియ్యుండ్రి," అని సదయ్య చేతులు జోడించేవాడు.

"పచ్చి బొప్పాయి ఏస్తే మటన్ ఎట్ల మెత్తబడ్తది సదయ్యా? గట్లనే అన్నట్టు! ఇగ మీరు కాలుకు బిగ్గ కట్టిన్రనుకో, బొప్పాయంతా ఒక్క ముక్కకే రుద్దినట్టయితది. పైంగ గా ముక్కకు నెత్తురు అందదాయె. కండ చస్తది!"

వరుసలో ఉన్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, టమాటలు కొనుక్కుని ఇళ్లకు పోయేవాళ్లు.

పాఠం చివర సార్ ఎడమ కాలి ప్యాంటు పైకి లాగేవాడు. అక్కడ పిక్క లేదు. ఎముక మీద చర్మం మాత్రమే ఉంది. చిన్నప్పుడు రామగిరి దగ్గర చేనులో పాము కరిచిందట. వాళ్ల చిన్నాన్నలు భయంతో, ప్రేమతో, ఎద్దు పగ్గం తెచ్చి గట్టిగా బిగించారట. దవాఖాన చేరేసరికి కండ నల్లబడిపోయింది. డాక్టర్లు కోసి తీసేశారు.

"పాము సగం తిన్నది, పగ్గం సగం తిన్నది," అని సార్ పకపకా నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఇంటికొచ్చి గేటుకు మళ్లీ బిగించి వైరు కట్టుకునేవాళ్లం.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. గనులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. లైనంతా సమ్మె టెంటు కిందే; గని నుంచి కొత్త వైరూ రావడం లేదు. సార్ కూడా వచ్చి, ఉపన్యాసం వింటూ వింటూ పక్కనున్న గుంజ తాడు విప్పేశాడు. టెంటు మొత్తం ఉపన్యాసకుడి మీద కూలింది. ఆయన గుడ్డ కింద నుంచే "జై తెలంగాణ" అంటూ ఉంటే, మేము రెట్టింపు హుషారుగా జై కొట్టాం.

ఆ మర్నాడు పొద్దున లస్మవ్వ మేకల కోసం తుమ్మకొమ్మలు లాగుతోంది.

"వామ్మో! పాము కరిసె!"

అందరం ఉరికాం. రక్తపింజర! కొమ్మల కింద నుంచి జరజరా పోతూ కనబడింది. లస్మవ్వ కాలి మడమ పైన రెండు గాట్లు. కొడుకు మొగిలి కేకలు పెడుతున్నాడు.

"వైరు తేండి! కట్టాలె! జల్ది!"

నేను నా గేటు దగ్గరికి ఉరికాను. వైరు లేదు. పక్కింటికి ఉరికాను. బట్టల తీగ లేదు. ఒకడు తడక దగ్గరికి, ఒకడు కోళ్ల గూటి దగ్గరికి పరుగెత్తి వట్టి చేతులతో వచ్చారు. వైరు మీద నిలబడ్డ లైనులో ఆ రోజు మూరెడు వైరు దొరకలేదు!

"గా పంతులే దోసుకపోయిండు!" లస్మవ్వ ఆ నొప్పిలోనూ ఊరుకోలేదు. "నా ఉసురు గా పంతులుకే తాకుతది!"

మొగిలి మెడలో తువ్వాల లాగి మెలితిప్పుతున్నాడు. అప్పుడే గోడ అవతలి నుంచి కేక వినబడింది.

"బిగియ్యకు! మొగిలీ, బిగియ్యకు!"

సార్ కుంటుకుంటూ వస్తున్నాడు. చంకలో బడిలోని పొడుగాటి కర్ర స్కేలు. వెనక ఆయన భార్య సువార్తక్క ఒక మంచం ఈడ్చుకొస్తోంది.

"పండుకో అవ్వా. కాలు కదిలియ్యకు. నడిస్తే విషం ఉరుకుతది."

స్కేలు కాలి పక్కన ఆనించాడు. మొగిలి చేతిలోంచి తువ్వాల తీసుకున్నాడు. కాలినీ స్కేలునీ కలిపి చుట్టాడు. తర్వాత మా అందరి కళ్ల ముందు జ్ఞానయ్య సార్ ముడి వేశాడు!

"సార్ ముడి ఏసిండు!" ఎవరో అరిచారు.

సార్ ఆ కట్టు కింద తన వేలు దూర్చి చూసుకున్నాడు. దూరింది. అప్పుడు గాని ఊపిరి వదలలేదు.

ఆటోలు కూడా బంద్. లస్మవ్వను మంచం మీద పడుకోబెట్టి నలుగురం ఎత్తాం. వెదురు చట్రం, మధ్యలో ఎరుపు, పసుపుపచ్చ వైరు దట్టంగా అల్లి ఉంది. లస్మవ్వ చెయ్యి ఆ అల్లిక మీద ఆగింది.

"ఏందిది... నా నల్లమేక వైరు గాదు?"

నేను మోస్తున్న మూల వైపు చూశాను. నా గేటు వైరు! నేను వేసే రెండు మెలికల గుర్తులు ఇంకా పోలేదు.

"ఏండ్ల సంది అల్లుతుండు," అంది సువార్తక్క మా వెంట ఉరుకుతూ. "వైరు చేతికి అందితే భయంల కట్టేస్తరు, అందకుండ చేయాలె అంటడు. ఇప్పుకొచ్చినదాన్తోటి మనిషిని మోసే మంచం అల్లిండు. చెప్తే మీరు నవ్వుతరని చెప్పలే."

ఏడవడానికైనా తీరిక ఎక్కడ, వెనక నుంచి సార్ అరుస్తున్నాడు.

"ఉరకుండ్రి! ఊపకుండ్రి! ఊపకుంట ఉరకుండ్రి!"

సమ్మె టెంటు జనమంతా రోడ్డు వదిలి పక్కకు జరిగారు. దవాఖానలో వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వార్డు కిటికీలో సార్ తల కనబడేది.

"అవ్వా, ఒంటికి ఏం రంగు?"

"సిగ్గు లేదా పంతులూ, అందరి ముంగట! మంచినీళ్ల లెక్క ఉన్నది, పో!"

ఆ మాటకు సార్ కిటికీ బయటే చప్పట్లు కొట్టేవాడు.

లస్మవ్వ ఇంటికొచ్చింది. వాపు దిగింది, మామూలుగా తిరగమన్నారు. ఒక సాయంత్రం సార్ ఆమె ఇంటి ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, నల్లమేకను విప్పేశాడు. అది తుర్రుమంది. లస్మవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దాని వెంట పడింది.

"పంతులూ! నీ చేతులు పడిపోను!"

"ఇప్పుడెందుకు ఇప్పిన్రు సార్?" అన్నాను.

సార్ నా భుజం పట్టుకుని కుదిపేశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"జల్ది చూడు తమ్మీ! రెండు పిక్కలు! రెండూ పనిచేస్తున్నయి! ఉరుకవ్వా, ఉరుకు!"

మేక మాత్రం నేరుగా చర్చి వైపే పోయింది.