ట్యాంకు అడుగున నాలుగు వేళ్ల నీళ్లు

ఆ లారీ యార్డులో అతణ్ని అందరూ ‘నిదానం’ అనేవారు. అతను బండి తోలితే చీమ కూడా దాటిపోతుందని తోటి డ్రైవర్ల ఎగతాళి. “పోనివ్వండ్రా, దానికి ఇంట్లో ఏం పనుందో!” అని అతనూ నవ్వేసేవాడు.

పద్దెనిమిదేళ్లుగా ఒక్కటే బండి. బండీ, యార్డూ, యార్డులోని డీజిలు బంకూ అక్క మొగుడివి. స్టీరింగు పట్టడం నేర్పింది ఆ బావే. బండి తీసే ముందు టైర్లు తట్టి చూడటం, డీజిలు ఫిల్టరు కింద ఉన్న చిన్న గిన్నె మర వదులుచేసి అడుగున చేరిన నీటి చుక్కలు వదిలేయడం, అన్నీ ఆయన పెట్టిన అలవాట్లే.

ఆ వానాకాలం గిన్నెలోంచి చుక్కలకు బదులు గుక్కెడు నీళ్లు రావడం మొదలైంది. రెండుసార్లు బావతో చెప్పాడు.

“వానలు కదరా, తేమ పట్టుంటుంది. వదిలేసి పోతుండు” అన్నాడాయన.

ఒక మధ్యాహ్నం టమాటాల లోడుతో ఎత్తు ఎక్కుతుంటే బండి తెల్లపొగ కక్కింది. దగ్గింది, ముక్కింది, ఆగిపోయింది. గిన్నె విప్పితే నీళ్లు ధారకట్టాయి. ఫిల్టరు మార్చాడు. ఫిల్టరు పక్కనున్న చేతిపంపు కొట్టి డీజిలు గొట్టాల్లో గాలి తీశాడు. బండి ఒక్కసారి గురగురమని మళ్లీ పడుకుంది. నీళ్లు అప్పటికే ఇంజన్లోకి డీజిలు చిమ్మే నాజిళ్ల దాకా వెళ్లిపోయాయి. ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చేసరికి సాయంత్రమైంది. వెనక తలుపు సందుల్లోంచి టమాటా రసం కారుతోంది.

యార్డులో కూరగాయల కంపెనీ మేనేజరు చిటపటలాడుతున్నాడు. తోటి డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. బావ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నిట్టూర్చాడు.

“ఏం చెప్పమంటారు సార్, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. దారిలో డీజిలు అమ్ముకుని నీళ్లు పోసినట్టున్నాడు. మా బావమరిదే. నేను చూసుకుంటాలెండి.”

ఎవరి గురించి చెబుతున్నాడా అని నిదానం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

“బావా! నేనా?”

“ఇంటికి పో. తర్వాత మాట్లాడదాం.”

ఆ తర్వాత మాట్లాడింది బావ కాదు, అక్క. మర్నాడు ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, మెల్లగా అడిగింది: “నిజం చెప్పరా. ఏదైనా అవసరం పడిందా?”

ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. ఆ జాలిని భరించలేక అతను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు బండి చూసుకుందామని షెడ్డుకు వెళ్లాడు. ముసలి మెకానిక్కు డీజిలు ట్యాంకు దించి, కడిగి, ఎండబెట్టాడు. నాజిళ్లు ఆరూ బల్ల మీద తుప్పు పట్టిన ముక్కులతో పడున్నాయి.

“ఎంత కడిగి ఏం లాభమయ్యా, మళ్లీ ఆ పాడు డీజిలే పోస్తారుగా” అన్నాడు మెకానిక్కు. “యార్డులో నేలకింద ట్యాంకుకి మూత రబ్బరు చచ్చిపోయింది, వాననీళ్లు దిగుతున్నాయి అని రెండు నెలల కిందటే మీ బావకు చెప్పాను. నీకు చెప్పలేదా?”

“లేదు. ఆ ట్యాంకు చూద్దాం” అన్నాడు నిదానం.

ఇద్దరూ కలిసి యార్డుకు వెళ్లారు. నీళ్లు తగిలితే ఎర్రబడే ముద్ద ఒకటి మెకానిక్కు దగ్గర ఉంది. దాన్ని పొడుగాటి కడ్డీ చివర పూసి నేలకింద ట్యాంకులోకి దించి తీశారు. నాలుగు వేళ్ల మేర ఎర్రగా తేలింది. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి చూశారు. నిదానం ఆ కడ్డీ పట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచాడు.

బావ కడ్డీ వంక చూడలేదు. “తెలుసు” అన్నాడు. “ఇరవై బండ్లవాళ్లు మన దగ్గరే డీజిలు పోయించుకుంటున్నారు. ట్యాంకే పాడని తెలిస్తే ఒక్కడు నిలబడతాడా? బయటివాడి మీద నింద వేస్తే కొట్లాటకొస్తాడు. నువ్వు మనవాడివి కదరా, సర్దుకుంటావనుకున్నా.”

“అయితే బయటివాణ్నై ఉంటే బతికిపోయేవాణ్నన్నమాట.”

“మాటలు పెంచకు. పదిరోజులు పోతే అందరూ మర్చిపోతారు.”

“నేను మర్చిపోవద్దా బావా?”

నిదానం బండి తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

వారం తిరక్కుండా ట్యాంకు ఖాళీ చేయించారు, రబ్బరు మార్చారు. కూరగాయల కంపెనీ మేనేజరుకు మాత్రం ఎవరూ నిజం చెప్పలేదు. ఆయన లెక్కలో నిదానం దొంగగానే ఉండిపోయాడు. ఊళ్లో రెండుచోట్ల పని అడిగితే “నువ్వేనా ఆ నీళ్ల డ్రైవరువి?” అన్నారు. చివరికి మెకానిక్కు హామీ ఉంటే ఇసుక లారీ ఒకటి దొరికింది.

డ్రైవర్ల నోటివెంట సంగతి తెలిసి అక్క పరుగున వచ్చింది. గుమ్మంలోనే ఏడ్చేసింది. “నేనైనా నిన్ను అలా అడక్కుండా ఉండాల్సింది రా. మా ఇంటికి రావా?”

ఆమె కళ్లు తుడిచాడు గానీ, ఫర్వాలేదని మాత్రం అనలేకపోయాడు.

“వస్తానక్కా” అన్నాడు. “ఆయన యార్డులో ఉన్నప్పుడు కబురు చెయ్యి.”