ముందు తాను తాగి ఇచ్చిన గ్లాసు

పోయిన ఫిబ్రవరిలో గుంటూరు నుంచి అద్దంకి వైపు ఒక పల్లెకు వెళ్లడానికి కారణం ఇమ్మానుయేలు. మా కింది వాటాలో కొత్తగా దిగిన ఆఫ్రికా కుర్రాడు, బురుండీ దేశం వాడు, వ్యవసాయం చదువుతున్నాడు. హుటూ తెగ రైతు కుటుంబం, ఆదివారం చర్చి తప్పని ఇల్లు. "అక్కా, ఈ దేశం వచ్చిన రెండేళ్లలో అందరూ నాతో సెల్ఫీ దిగారు. ఎవరింట్లోనూ కూర్చుని అన్నం తినలేదు," అన్నాడు వచ్చీరాని తెలుగులో. నాకు ప్రాణం ఉసూరుమంది. మా బళ్లో నాతో పనిచేసే సువార్త టీచరుకు చెబితే, "ఆదివారం మా ఊరు తీసుకురండి, మా అమ్మ వండిపెడుతుంది," అంది.

ఉదయాన్నే పల్లెవెలుగు ఎక్కితే చిలకలూరిపేటకు గంట పైనే పట్టింది. అక్కణ్ణుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. పత్తి చేలు ఎండు కట్టె మీదున్నాయి, మిరప కల్లాలు ఎర్రగా పరుచుకున్నాయి. ఆ ఘాటుకు డ్రైవరు తప్ప అందరం దగ్గుతున్నాం. ఇమ్మానుయేలు ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. తెల్లవారుజామునే లేచి పండిన అరటిపళ్లు పిసికి తీసిన రసం అది. వాళ్ల కొండల్లో చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు పట్టుకెళ్లేది అదేనట.

"మీ దేశంలో కూడా కులాలుంటాయా తమ్ముడూ?" అన్నాడు డ్రైవరు.

"ఒకే భాష, ఒకే కొండ, ఒకే చర్చి. అయినా హుటూ, టుట్సీ అని చంపుకున్నాం. మా తాత అట్లాగే పోయాడు."

డ్రైవరు అద్దంలో వాడి వైపు ఒకసారి చూసి ఆటో వేగం తగ్గించాడు.

సువార్త వాళ్ల ఊళ్లో చర్చి నిండా మిరపకోతలు ఆ పూటకు మానుకొని వచ్చిన ఆడవాళ్లే. తెలిసిన రాగం వచ్చినప్పుడల్లా ఇమ్మానుయేలు తన కిరుండీ భాషలో గొంతు కలిపాడు. పాస్టరుగారు పరదేశిని ఇంట చేర్చుకోమన్న వాక్యం మీద ప్రసంగించి, వాణ్ణి దగ్గరికి పిలిచి ప్రార్థన చేశారు. కుర్రాడి మొహం వెలిగిపోయింది.

ఇంటికెళ్లాక అసలు సంగతి జరిగింది. సువార్త తల్లి దీనమ్మగారు మంచం మీద కూర్చున్నారు. ఇమ్మానుయేలు గ్లాసులో రసం పోసి, ముందు తాను ఒక గుక్క తాగి, అదే గ్లాసు రెండు చేతులా ఆవిడకు అందించాడు. సువార్త మొహం మాడిపోయింది. ఎంగిలి గ్లాసు, అందులోనూ పెద్దావిడకి. నేను చెవిలో చెప్పేసరికి వాడు బిక్కచచ్చిపోయాడు. "మా దగ్గర ఇచ్చేవాళ్లే ముందు తాగాలి అక్కా. విషం లేదని," అంటూ గ్లాసు వెనక్కి తీసుకోబోయాడు. వీణ్ణి ఇంట్లో కూర్చోబెడదామని తెచ్చి వీధిలో నిలబెట్టానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

"ఆగయ్యా," అన్నారు దీనమ్మగారు. "చిన్నప్పుడు మేం కూలికి పోతే దోసిలి పట్టమని పైనుంచి పోసేవోళ్లు నీళ్లు. వాళ్ల చెంబు మా చేతికిచ్చేవోళ్లు కాదు. ఈ బిడ్డ తను తాగింది నాకిత్తుంటే వద్దంటానా? ఇటియ్యి."

మొత్తం తాగి, మూతి తుడుచుకున్నారు.

తర్వాత అన్నం, గోంగూర, నాటుకోడి కూర వచ్చాయి. ఆవిడ ఇమ్మానుయేలు పళ్లెం ముందు తన దగ్గరికి లాక్కున్నారు. కలిపి ఒక ముద్ద తను తిని, పళ్లెం వాడి ముందుకు జరిపారు.

"విషం లేదయ్యా. తిను."

చెంబు అందని చెయ్యి అది, తాత చావు చెప్పిన నోరు ఇది. ఆ ఇంట్లో దేవుడి గురించి ఎవరూ మాట్లాడలేదు గాని, పొద్దున విన్న ప్రసంగం నాకు అప్పుడు అర్థమైంది. ఇమ్మానుయేలు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఈ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. మిరప కల్లాల రోజుల్లో తువ్వాలు తప్పకుండా పట్టుకెళ్లండి. తిరుగు ఆటోలో మా కళ్లు చూసి డ్రైవరు, "ఘాటెక్కువగా ఉందాండీ?" అని అడిగాడు. ఇద్దరం ఔనన్నాం.