ముప్పై రెండు తర్వాతి పేజీ

నాచారం పారిశ్రామికవాడ వెనక ఒక రేకుల షెడ్డులో సాంబయ్య పుస్తకాలు బైండు చేసేవాడు. జనగామ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. పని ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు విప్పి, దారం ఎటు దూరి ఎటు వచ్చిందో చూసి నేర్చుకున్నాడు.

ఉప్పల్ రోడ్డు మీద యూనివర్సిటీ వాళ్ల పుస్తకాల షాపులో శనివారం సాయంత్రాలు రచయితల సభలు జరిగేవి. తాను కుట్టిన పుస్తకం ఆవిష్కరించే రోజు సాంబయ్య వెళ్లి వెనక వరుసలో కూర్చునేవాడు. ఉపన్యాసాలు చెవికెక్కించుకునేవాడు కాదు. కొన్నవాళ్లు పుస్తకం ఎలా తెరుస్తున్నారు, తెరిస్తే వెన్ను నిలుస్తోందా లేదా, అదే చూపు. తన షెడ్డు దాటిన పుస్తకం ఒక్కటీ వాపసు రాలేదు. ఆ మాట ఎవరితోనూ అనేవాడు కాదు గాని, దాని మీదే బతికేవాడు.

2011లో భూషణం గారి పుస్తకం పనికి వచ్చింది. ఆయన రామంతాపూర్‌లో ఉండే రిటైరైన సైంటిస్టు. ప్రయోగశాలలో తనతో పనిచేసిన ఫిట్టర్ల గురించి, గాజు ఊదేవాళ్ల గురించి రాశారు. బందుల మూలంగా సభ రెండుసార్లు వాయిదా పడింది. తేదీ ఖాయమయ్యేసరికి చేతిలో నాలుగు రోజులే మిగిలాయి. పైగా ఆయనకొక పట్టుదల. పేజీల నంబర్లన్నీ తెలుగు అంకెల్లోనే ఉండాలన్నారు. ప్రెస్సు వాళ్లు ఫారం నంబర్లు కూడా అలాగే వేసేశారు. ఫారం అంటే పదహారు పేజీలు మడిచిన కట్ట. ఫారాలను దొంతులుగా బల్ల మీద వరసపెట్టి, ఒక్కో దొంతి నుంచి ఒక్కోటి ఏరుకుంటూ పోతే పుస్తకం తయారవుతుంది, ఆ తర్వాత కుట్టు.

శనివారం పొద్దున మూడు వందల పుస్తకాలు షాపుకు వెళ్లిపోయాయి. సాంబయ్య బల్ల సర్దుతూ మిగిలిన ఫారాలు చూశాడు. ప్రతిదీ పదిహేను మిగలాలి. రెండోది మూడే ఉంది. మూడోది ఇరవై ఏడు.

"రాణీ, ఇటు రా. ఇది ఎంత?"

ఫారాలు ఏరింది కోడలు రాణి. వంగి చూసింది. "మూడు గద మామా."

"మూడు గాదు, రెండు. కింది మెలిక సూడు."

రాణి రెండు ఫారాలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి. మా బడిల గీ అంకెలు ఎవలు చెప్పిన్రు?"

మూడో దొంతి అయిపోయినప్పుడు ఆమె దాని చోట రెండో ఫారాలు కొన్ని తెచ్చి పెట్టింది. అంటే పన్నెండు పుస్తకాల్లో రెండో ఫారం రెండుసార్లు పడింది, మూడోది లేదు. కుట్టేటప్పుడు సాంబయ్య కూడా చూడలేదు. మిగిలిన మూడో ఫారాలు సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కాడు. వెనకే రాణి.

షాపు మేనేజరు తారామణి కుర్చీలు వేయిస్తోంది.

"మేడం, పన్నెండు బుక్కులు ఖరాబైనయి. జర లోపలికి పోనీయుండ్రి."

"నాలుగింటికి సభ పెట్టుకుని ఇప్పుడా చెప్పడం?"

"నాకు గూడ ఇప్పుడే ఎర్కైంది."

ముగ్గురూ లోపలి గదిలో కూర్చుని ఒక్కో పుస్తకమే తెరిచారు. ౩౨, అంటే ముప్పై రెండు తర్వాత ౩౩ రావాలి. మళ్లీ ౧౭, అంటే పదిహేడు వస్తే పక్కన పడేయాలి. నాలుగయ్యేసరికి తొమ్మిది దొరికాయి. మరి మూడు? కొన్ని అప్పటికే అమ్ముడుపోయాయి. అయిదు వేదిక మీద రంగు కాగితం చుట్టుకుని, రిబ్బను కట్టుకుని ఉన్నాయి.

"అవి గూడ ఇప్పి సూద్దామా మేడం?"

"ముఖ్య అతిథి వచ్చేశారు సాంబయ్యగారూ. ఇంక మీ అదృష్టం."

సాంబయ్య కూర్చోలేకపోయాడు. వెనక వరుసలో కూర్చుని లేచాడు, గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ కూర్చుని లేచాడు.

"కూసో మామా. బుక్కు రాసింది నువ్వే అనుకుంటరు," అంది రాణి.

రిబ్బను విప్పారు, ఫొటోలు తీశారు. భూషణం గారు అందులోంచి ఒక పుస్తకం తీసి తెరిచారు. ఆయన పేజీలు తిప్పి, కావలసిన చోట ఆగారు. అది పేజీలన్నీ ఉన్న పుస్తకమే.

"కొన్నవాళ్లు ముప్పై ఆరో పేజీ తీయండి. నాతోపాటు చదువుదురుగాని."

హాలంతా పేజీల చప్పుడు. ఎవరికీ ఆ పేజీ దొరకలేదు. పక్కవాళ్ల పుస్తకాల్లోకి తొంగి చూస్తున్నారు. భూషణం గారికి హుషారొచ్చింది. "చూశారా, మన అంకెలు మనకే రావు."

రెండో వరుసలో దీప అనే లెక్చరరు లేచింది. "సార్, నా పుస్తకంలో ఆ పేజీ లేదండీ."

"ఉంటుందమ్మా, సరిగ్గా వెతకండి. అంకెలే రాకపోతే నేనేం చెయ్యను?"

అందరూ నవ్వారు. ఆమె పుస్తకం మూసి కూర్చుంది. ముఖం ఎర్రబడింది.

సాంబయ్య ఊరుకుంటే చాలు. ఇంక ఎవరూ బైండింగును అనుమానించరు. తప్పంతా అంకెలు రాని జనం మీదికి పోయింది. రాణి అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. అతను లేచాడు.

"ఆమె తప్పు గాదు సార్. నాది."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తారామణి వచ్చి చేతిలో మైకు పెట్టింది. ఇన్నేళ్లలో దాన్ని పట్టుకోవడం అదే మొదలు. "నేను బైండరును. పన్నెండు బుక్కులల్ల రెండో ఫారం రెండుమార్లు కుట్టిన. ముప్పై రెండు అయినంక గీ పేజీ లేకుంటె," అని మంచి పుస్తకం ఒకటి తెరిచి పైకెత్తి చూపించాడు, "నాకు వాపసియ్యుండ్రి."

దీప పుస్తకం పదోది. వెనకాల ఇంకొకాయన దగ్గర పదకొండోది దొరికింది. వేదిక మీద ఉన్నవి కూడా తెరిచి చూశారు. పన్నెండోది లేదు.

భూషణం గారు దీపకు క్షమాపణ చెప్పారు. తర్వాత సాంబయ్య దగ్గరికి వచ్చారు. "పోనివ్వవయ్యా. మూడు వందల్లో ఒక్కటి."

"కొన్నాయనకు అదొక్కటే గద సార్."

ఆ తర్వాత మూడు శనివారాలు తన పుస్తకం లేకపోయినా సాంబయ్య ఆ షాపు గుమ్మంలో నిలబడ్డాడు. భూషణం గారి పుస్తకం కొన్నారా అని వచ్చినవాళ్లందరినీ అడిగేవాడు. షెడ్డులో పని పేరుకుపోయింది. రాణి విసుక్కుంది. నాలుగో శనివారం మల్కాజిగిరి నుంచి అచ్యుతరావు అనే రిటైరైన రైల్వే ఉద్యోగి వచ్చాడు. సభ రోజు మధ్యాహ్నమే కొనుక్కుని వెళ్లిపోయాడట. పుస్తకం సంచిలోనే ఉంది.

"రెండుసార్లు వచ్చిందా? ముఖ్యమైన సంగతులని మళ్లీ వేశారనుకున్నానండీ," అన్నాడు.

సాంబయ్య మంచిది చేతికిచ్చి ఆ పుస్తకం అడిగాడు. అచ్యుతరావు ఇవ్వలేదు. "పెన్సిలుతో రాసుకున్నాను. ఇది నాకు కావాలి."

"అయితె వారం రోజులియ్యుండ్రి. పేజీలు పెట్టి తెస్త."

షెడ్డులో అట్ట ఊడదీసి, దారం కోశాడు. రెండుసార్లు వచ్చిన ఫారాల్లో ఒకటి తీసేసి మూడోది పెడితే పని అయిపోతుంది. కాని రెండింటి నిండా పెన్సిలు గీతలే. మొదటిసారి చదివినప్పుడు ఒక చోట, రెండోసారి ఇంకో చోట గీసుకున్నాడాయన. ఏది తియ్యాలో తెలియక సాంబయ్య చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఏదీ తియ్యలేదు. రెండూ ఉంచి, వెనక మూడోది చేర్చి కుట్టాడు. పుస్తకం లావైంది, పాత అట్ట సరిపోలేదు. వెన్నుకు గుడ్డ వేసి రెండు వైపుల అట్టలూ కలిపాడు.

అచ్యుతరావు దాన్ని తెరిచాడు, మూశాడు, వెన్నును వేలితో నిమిరాడు.

"ఇలాంటిది ఇంకోటి ఉందా?"

"లేదు సార్," అన్నాడు సాంబయ్య. "ఉండొద్దు గూడ."